ముందు గ్లాసు, తరవాతే వైన్

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వియన్నా వచ్చే మనవాళ్లు ఫోన్ చేసి అడిగే మాట ఒకటే. "ఆస్ట్రియా వైట్ వైన్ చాలా బాగుంటుందట కదన్నా, ఏది కొనమంటారు?" నా జవాబూ ఎప్పుడూ ఒకటే. ఏదీ కొనకండి. ముందు గ్లాసు కొనండి. వైన్ సంగతి నెల్లాళ్ల తరవాత మాట్లాడుకుందాం.

కొందరు మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేస్తారు. విన్నవాళ్లు మాత్రం తరవాత మళ్లీ చేస్తారు. ఆ విన్నవాళ్ల కోసం, వినదలచినవాళ్ల కోసం ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

మీ దగ్గర వంద యూరోలుంటే ఎనభై గ్లాసుకు పెట్టండి, ఇరవైతో సీసా కొనండి. లోకమంతా దీన్ని తలకిందులుగా చేస్తుంది. ఎనభై పెట్టి వాఖావ్ లోయ నుంచి వచ్చిన పెద్ద సీసా కొని, ఇంట్లో మంచినీళ్లు తాగే గ్లాసులో పోసుకుని, "ఇంతేనా?" అనుకుంటారు. ఆ సీసా ఒక్క సాయంత్రంతో ఖాళీ అవుతుంది. గ్లాసును కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటే పదేళ్లుంటుంది. ఆ పదేళ్లలో దానిలోకి వచ్చే ప్రతి సీసాకూ అది మేలు చేస్తుంది. వైన్ చుట్టం, గ్లాసు ఇంటిమనిషి. ఖర్చు ఇంటిమనిషి మీద పెట్టాలి.

ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. నాలుకకు తెలిసింది చాలా తక్కువ. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం పులుసులో వచ్చే ఆ నిండుదనం, అంతే. మిగతాదంతా ముక్కు పనే. ఆస్ట్రియా ద్రాక్షతోటల్లో సుమారు మూడో వంతు గ్రూనర్ వెల్ట్‌లీనర్ అనే రకానిది. ఆ వైన్‌కు మిరియాల వాసన ఉంటుందని ఇక్కడివాళ్లు తరతరాలుగా అంటున్నారు. అది కవిత్వం కాదు. రోటండోన్ అనే పదార్థం మిరియాల్లో ఉంటుంది, ఆ వైన్‌లోనూ ఉంటుంది. అయిదుగురిలో ఒకరికి పుట్టుకతోనే ఆ వాసన అందదు కూడా. మస్కట్ ద్రాక్షకు పూల పరిమళమిచ్చే లినలూల్, మన ధనియాలు నలిపితే వచ్చే వాసనలో ముఖ్యమైన భాగం. ఏళ్ల తరబడి సీసాలో ఉన్న రీస్లింగ్‌కు సన్నగా కిరసనాయిలు వాసన వస్తుంది. తెలియనివాళ్లు వైన్ పాడైందనుకుంటారు. తెలిసినవాళ్లు దాని కోసమే ఏళ్లు ఆగుతారు. మిరియం, ధనియం, కిరసనాయిలు. మన వంటింట్లో పుట్టి పెరిగిన ముక్కుకు ఇవన్నీ ముందే పరిచయం. అవి గాలిలో కలిసిపోకుండా ముక్కు దాకా మోసుకొచ్చే పాత్రే మనకు కావలసింది.

ఆ మోత నిజమేనా, లేక అమ్మేవాళ్ల మాటా అని అడిగేవాళ్లున్నారు. 2015లో టోక్యోలో మిత్సుబయాషి అనే ఆచార్యుడి బృందం, గ్లాసులోంచి లేచే ఆల్కహాల్ ఆవిరిని కెమెరాకు చిక్కేలా చేసింది. 13 డిగ్రీల చల్లదనంలో, మామూలు వైన్‌గ్లాసులో, ఆ ఆవిరి అంచు వెంబడి ఉంగరంలా నిలిచింది. మధ్యలో తక్కువగా ఉంది. అంటే ముక్కు మధ్యలో పెట్టినవాడికి ఆల్కహాల్ ఘాటు తగ్గి, వైన్ వాసన తేటగా అందుతుంది. అదే వైన్‌ను మార్టీనీ గ్లాసులో, నిట్టనిలువు గ్లాసులో పోసి చూస్తే ఆ ఉంగరం కనిపించలేదు. ఇంతకన్నా నాకు సాక్ష్యం అక్కర్లేదు.

అయితే దుకాణంలో మీకు మరో సాక్ష్యం చూపిస్తారు, దాన్ని నమ్మకండి. నాలుక కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని ఒక బొమ్మ ఉంటుంది. ఈ గ్లాసు వైన్‌ను నేరుగా కొసకు చేరుస్తుంది, ఆ గ్లాసు పక్కలకు పారిస్తుంది అని చెబుతారు. 1901లో హెనిగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు నాలుక మీద చోటును బట్టి చిన్న చిన్న తేడాలు గమనించాడు. 1942లో బోరింగ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన పుస్తకంలో వాటిని ఎక్కించిన తీరు వల్ల, అవి పెద్ద తేడాల్లా, గట్టి హద్దుల్లా కనబడ్డాయి. నిజానికి నాలుక మీద రుచి తెలిసే చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి. నాలుక బొమ్మ చూపించిన దుకాణంలో మీరు గ్లాసు కొనకండి, అది ఎంత మంచి గ్లాసైనా సరే. తాను అమ్మే వస్తువు ఏ పని చేస్తుందో తెలియనివాడు, దాన్ని పెట్టెలో ఎలా సర్దాడో కూడా మనకు నమ్మకం ఉండదు.

ఇక అసలైన సలహాకు వస్తాను. ఒక్క గ్లాసే కొనండి. ఒక్క రకం అనడం లేదు, ఒక్క గ్లాసు అంటున్నాను. ఆరు వద్దు, జత కూడా వద్దు.

ఒక్కో ద్రాక్షకు ఒక్కో గ్లాసు అనే ఆలోచన ఈ దేశంలోనే బలపడింది. టిరోల్ కొండల్లో కూఫ్‌స్టైన్ అనే ఊరుంది. అక్కడి రీడెల్ కుటుంబంలో తొమ్మిదో తరం మనిషి క్లౌస్ రీడెల్. 1958లో ఆయన బర్గండీ వైన్‌ల కోసం రూపొందించిన పెద్ద గ్లాసు న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం సేకరణలోకి వెళ్లింది. 1973లో సొమెలియే అన్న పేరుతో రకరకాల వైన్‌లకు రకరకాల ఆకారాల వరస తెచ్చాడు. అంతకుముందు లోకం గ్లాసులో అందం చూసింది, ఆయన పని చూశాడు. ఆ మేలు మరిచిపోకూడదు. కానీ ఆయన దారి వెంట పోతే ఇంట్లో అలమారాలే మిగులుతాయి. ఇంగ్లండు వైన్ రచయిత్రి జాన్సిస్ రాబిన్సన్ 2018లో ఒక డిజైనర్‌తో కలిసి అన్ని వైన్‌లకూ ఒకే ఆకారం చాలంటూ గ్లాసు తెచ్చారు. నేను అక్కడి నుంచి ఇంకో అడుగు వేస్తున్నాను.

నోటితో ఊది చేసిన గ్లాసులు ఏ రెండూ ఒకలా ఉండవు. కొలిమిలోంచి తీసిన ఎర్రటి ముద్దను గొట్టం కొసన తిప్పుతూ, తడిపిన చెక్క అచ్చులో పెట్టి ఊదుతారు. కాడ లాగుతారు, పాదం అతుకుతారు. నెమ్మదిగా చల్లారే పొయ్యిలోంచి పంపి, పైన మిగిలిన టోపీలాంటి ముక్కను కోసి, అంచు సానపట్టి, మంట చూపిస్తారు. ఇంతమంది చేతుల్లోంచి వచ్చాక ఒకదాని గోడ వెంట్రుకవాసి మందం, మరొకదాని అంచు వెంట్రుకవాసి వంపు. ఆరు కొన్నవాడు ఈ రోజు ఒకటి, రేపు మరొకటి తీస్తాడు. వైన్ మారిందో గ్లాసు మారిందో అతనికి ఎన్నటికీ తెలియదు. మృదంగ విద్వాంసుణ్ణి చూడండి, తన వాద్యం ఏ మూల ఎలా పలుకుతుందో చీకట్లో చెబుతాడు. అరడజను మృదంగాలను రోజుకొకటి చొప్పున వాయిస్తే ఆ చనువు వస్తుందా? మారే వస్తువు ఒకటే ఉండాలి, అది వైన్. తక్కినవన్నీ కదలకూడదు.

మరి భార్యో భర్తో కూడా తాగుతారు కదా అంటారు. వారి గ్లాసు వారు వేరుగా ఎంచుకోవాలి. వేరే రోజు, వేరే దుకాణంలో అయితే ఇంకా మంచిది. కళ్లజోడు ఇద్దరికీ ఒకటే కొంటామా?

ఎంపికకు ఉదయమే వెళ్లండి. కాఫీ తాగకుండా వెళ్లండి. ముందు రోజు రాత్రి ఆవకాయ, వెల్లుల్లి కారం ముట్టుకోవద్దు. తలకు నూనె, ఒంటికి సెంటు, జడలో మల్లెలు ఆ పూటకు వద్దు. వియన్నాలో కెర్ట్‌నర్ వీధిలో లోబ్‌మైర్ అని 1823 నాటి గాజు దుకాణం ఉంది. వాళ్లు చేసే పలచని గ్లాసులకు మస్లిన్ గాజు అని పేరు. పొందూరు నేతను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసినవాళ్లకు ఆ పేరెందుకు వచ్చిందో విడమరచి చెప్పక్కర్లేదు. యోసెఫ్ హోఫ్‌మన్ 1917లో గీసిన పాట్రీషియన్ గ్లాసులు ఇప్పటికీ అక్కడ దొరుకుతాయి. కొన్నా కొనకపోయినా వెళ్లి ఒకటి చేత్తో పట్టుకోండి. పలచదనమంటే ఏమిటో మీ వేళ్లకు ఒక కొలత ఏర్పడుతుంది. ఆ కొలతతోనే మిగతావన్నీ చూడాలి.

దుకాణంలో వైన్ పోసి చూపిస్తామంటే వద్దనండి. మంచి వైన్ పోస్తే గ్లాసు తప్పులు కనబడవు. పెళ్లిచూపుల్లో నగలు దిగేస్తే మనిషి కనబడనట్టే. ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టండి. అట్టపెట్టె వాసన వస్తే, అది కడిగితే పోయేదే, తప్పు గ్లాసుది కాదు. కడిగించి మళ్లీ చూడండి. ఏ వాసనా రాకూడదు. తరవాత గది చల్లదనంలో ఉన్న మంచినీళ్లు మూడో వంతు పోయించుకుని, కళ్లు మూసుకుని, అంచును కింది పెదవి మీద ఆనించండి. ఇక్కడ తొందర పడకండి. ఈ ఎంపిక మొత్తంలో పెదవి చెప్పే సాక్ష్యమే పెద్దది.

యంత్రంతో చేసిన చవక గ్లాసుకు అంచున చిన్న కట్ట ఉంటుంది, చీర అంచు మడిచి కుట్టినట్టు. వైన్ ఆ కట్ట ఎక్కి దిగి నోట్లో పడుతుంది. పెదవికి ముందు గాజు తెలుస్తుంది, తరవాత వైన్ తెలుస్తుంది. కోసి సానబట్టిన అంచుకు ఆ కట్ట ఉండదు. గాజు ఎక్కడ ముగిసిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో పెదవికి తెలియకపోతే అదే మీ గ్లాసు. ఇప్పుడు యంత్రాలు కూడా ఆ రకం అంచు చేస్తున్నాయి కాబట్టి, "చేత్తో చేశారా" అని అడగడం కంటే పెదవిని అడగడం నయం. తరవాత కాడ, గిన్నె కలిసే చోట గోరు పోనిచ్చి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ అతుకుంది. అతుకు వల్ల వైన్‌కు నష్టమేమీ లేదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. అయినా కొనకండి. పదేళ్లు పట్టుకోవలసిన వస్తువు మీద గోరు రోజూ తట్టుకోకూడదు.

కొలతకు జేబులో దారం ఉంచుకోండి. వైన్ రుచి చూసే వృత్తివాళ్ల కోసం 1977లో అంతర్జాతీయ ప్రమాణంగా నిర్ణయించిన గ్లాసు ఒకటుంది. దాని పొట్ట వెడల్పు 65 మిల్లీమీటర్లు, మూతి 46. అంటే పొట్ట పదైతే మూతి ఏడు. ఈ లెక్క గుర్తుంచుకుంటే చాలు. పొట్ట చుట్టూ దారం తిప్పి ముడి వేయండి, మూతి చుట్టూ తిప్పి ఇంకో ముడి వేయండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూతి చుట్టుకొలత పొట్టలో మూడు వంతులు దాటితే పరిమళం జారిపోతుంది. సగానికి తగ్గితే ముక్కు పట్టదు. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు. దర్జీ టేపు తీస్తే ఎవరైనా వింతగా చూశారా?

పరిమాణంలో ఒక పాత పొరపాటు ఉంది. రెడ్ వైన్‌కు పెద్ద గ్లాసు, వైట్ వైన్‌కు చిన్న గ్లాసు అని హోటళ్లు అలవాటు చేశాయి. చిన్నదైతే వైన్ చల్లగా ఉన్నప్పుడే అయిపోతుందని దానికి చెప్పే కారణం. ఆ చిన్న గ్లాసులో వైన్‌ను మూతి దాకా పోస్తారు, ఇక పరిమళానికి నిలిచే చోటేదీ? వాఖావ్‌లో వైన్‌కు బలాన్నిబట్టి మూడు పేర్లు. ష్టైన్‌ఫెడర్ అంటే 11.5 శాతం లోపు, ఫెడర్‌ష్పీల్ అంటే 12.5 లోపు, ఆ పైన స్మరాగ్ద్. ఎండపూట రాళ్ల గోడల మీద వెచ్చబడే పచ్చ బల్లి పేరు అది. స్మరాగ్ద్ తరగతి గ్రూనర్‌ను చిన్న గ్లాసులో పోయడమంటే గజఈతగాణ్ణి నీళ్ల తొట్టిలో దింపడమే. నా మాట వినండి, వైట్ వైన్‌కే పెద్ద గ్లాసు కొనండి. చల్లదనం పోతుందనుకుంటే కొంచెం కొంచెం పోసుకోండి. పొట్ట ఎక్కడ బాగా వెడల్పో అక్కడికి రాకముందే ఆపండి. వంద మిల్లీలీటర్లు చాలు. ఫ్రిజ్ లోంచి తీసిన వెంటనే తాగేవాళ్లకు ఏ గ్లాసూ సాయం చెయ్యలేదు. పది, పన్నెండు డిగ్రీలకు వచ్చేదాకా ఆగాలి.

నాగెల్‌బెర్గ్ ప్రాంతపు జాల్టో గ్లాసుల గురించి చాలామంది అడుగుతారు. వాటి గిన్నె వంపులను 24, 48, 72 డిగ్రీల్లో పెట్టామని, ఆ కోణాలు భూమి ఒరుగుకు సంబంధించినవని చెబుతారు. ఆ లెక్కతో నాకు పనిలేదు. కానీ చేతిలోకి తీసుకుంటే పట్టుకున్నది గాజో గాలో తెలియనంత తేలిక. అదే కావాలి.

ఇక క్రిస్టల్ అనే మాట. 1674లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ అనే వర్తకుడు లండన్‌లో కొత్త రకం తెల్లగాజుకు పేటెంటు తీసుకున్నాడు. సీసం కలపడంతో ఆ గాజు బరువెక్కింది, మెరుపెక్కింది, గోటితో కొడితే గుడిగంటలా సాగదీసి మోగింది. యూరప్‌లో 1969లో వచ్చిన నియమం ప్రకారం సీసపు ఆక్సైడ్ 24 శాతం ఉంటేనే దాన్ని సీసపు క్రిస్టల్ అనాలి. ఆ సీసమే కొంప ముంచేది. పుల్లటి వైన్‌ను క్రిస్టల్ కూజాల్లో నెలల తరబడి ఉంచితే సీసం అందులోకి దిగుతుందని 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. ఇప్పుడు మంచి గ్లాసులు చాలావరకు సీసం లేనివే. బవేరియాలోని త్స్వీజెల్ ఊళ్లో టైటానియం, జర్కోనియం కలిపి సీసం లేని క్రిస్టల్ చేస్తున్నారు, అది దెబ్బకు ఓరుస్తుంది కూడా. మీ గ్లాసులో సీసం ఉందా అని దుకాణంలో అడగండి. ఉందంటే వెనక్కి పెట్టెయ్యండి.

టింగుమని కొట్టి చూడటం కూడా మానండి. జలతరంగం విన్నవాళ్లకు తెలుసు, నీళ్లు పోసేకొద్దీ గిన్నె శ్రుతి దిగుతుంది. మోత గిన్నె మందాన్ని, ఆకారాన్ని, లోపలి నీటిని చెబుతుంది. పరిమళాన్ని చెప్పదు. కచేరీకి కొంటున్నామా?

చెక్కడాల గ్లాసులు, బొహీమియా పనితనం, వజ్రాల కోతలు, పెళ్లికి ఎవరో ఇచ్చిన ఆరు గ్లాసుల పెట్టె, ఇవన్నీ ఇంట్లోంచి పంపెయ్యండి. ఆ పనితనం గొప్పదే, కాదనను. కానీ చెక్కాలంటే గాజు మందంగా ఉండాలి, మందమైన గాజు పెదవికీ వైన్‌కూ మధ్య గోడ. పైగా చెక్కడాల్లోంచి చూస్తే వైన్ రంగు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. రైన్ నది వైపు వాడే రోమర్ గ్లాసుల ఆకుపచ్చ కాడలు కూడా అంతే, లేత బంగారు రంగు వైన్‌కు పచ్చ నీడ పులుముతాయి. అలాంటివి పూలు పెట్టుకునేవాళ్లకిస్తే సంతోషిస్తారు. ఇచ్చినవాళ్లు బాధపడతారని ఊరుకోకండి. వాళ్లు మళ్లీ మన ఇంటికి ఎప్పుడొస్తారో, వైన్ మాత్రం ఈ వారమే వస్తుంది.

గ్లాసు ఇంటికొచ్చింది. నెల్లాళ్లు దాంట్లో మంచినీళ్లే తాగండి. దీన్ని మొండితనం అనుకోవద్దు. ఎంత వంచితే నీళ్లు పెదవికొస్తాయి, ఎంత తిప్పితే గోడ ఎక్కుతాయి, కాడను ఎన్ని వేళ్లతో పట్టుకుంటే చెయ్యి నొప్పి పుట్టదు, ఇవి నీళ్లతో నేర్చుకునే పాఠాలు. వియన్నా నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి. మొదటి గొట్టం 1873లో, రెండోది 1910లో వేశారు. ఆ నీళ్లకు ఉదయం ఒక రుచి, రాత్రి ఒక రుచి ఉందని నాకు ఈ గ్లాసుతోనే తెలిసింది. నీళ్లలో తేడా పట్టలేని ముక్కు వైన్‌లో ఏం పడుతుంది? హైదరాబాదులో బోరు నీళ్లున్న ఇళ్లలో గ్లాసు మీద తెల్లటి మరకలు పడతాయి, అది సున్నం. వెనిగర్ చుక్కతో పోతుంది. ఆ వెనిగర్ వాసన పోయేదాకా వేడినీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి.

సబ్బు అస్సలు వద్దు. వేడినీళ్లు చాలు. అంచున నూనెమరక ఉంటే వేలితో రుద్దండి. తుడిచేటప్పుడు ఒక చేత్తో గిన్నెను, మరో చేత్తో పాదాన్ని పట్టుకుని ఎన్నడూ మెలితిప్పకండి. నేను మూడేళ్లు వాడిన గ్లాసు అలాగే పోయింది. గోడకు తగలలేదు, కింద పడలేదు, గుడ్డలోనే కాడ పుటుక్కుమంది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ వారం సీసా తెరవలేదు. గిన్నె తుడిచేటప్పుడు గిన్నెనే పట్టుకోవాలి, పాదం తుడిచేటప్పుడు పాదాన్నే పట్టుకోవాలి. ఈ ఒక్క వాక్యం ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ గ్లాసు ఈ రోజు నా ముందుండేది.

బోర్లించి పెట్టకండి. గ్లాసులో అన్నిటికంటే సున్నితమైన అంచు మీద బరువంతా పడుతుంది, లోపల గాలి ముక్కిపోతుంది. వంటింటి అలమారా పనికిరాదు, మసాలా డబ్బాల వాసన పడుతుంది. బీరువాలో నాఫ్తలీన్ ఉండలు, దేవుడి గదిలో కర్పూరం, హాల్లో అగరొత్తులు. కిటికీ ఉండి, ఏ పనీ జరగని గది ఏదైనా ఉంటే దానికివ్వండి. మా ఇంట్లో పుస్తకాల గదిలో ఒక అర ఖాళీ చేశాను. పాత పుస్తకాలకూ వాసన ఉంటుందని తరవాత తెలిసి, పుస్తకాలనే అక్కడి నుంచి హాల్లోకి మార్చాను. ఇల్లు కొంచెం ఇరుకైంది, గ్లాసుకు గాలి దొరికింది.

వైన్ తెరిచే రోజు ఇంట్లో పోపు పెట్టకండి. ఇంగువ అసలే వద్దు. ఆవాలు చిటపటలాడిన వంటింట్లోంచి ఆ వాసన గంటల తరబడి కదలదు, అందులో రోటండోన్ మిరియం ఎక్కడ వెతుకుతాం? పెరుగన్నం తినొచ్చు, తిరగమోత లేకుండా. పక్కింట్లో చేపల పులుసు ఉడుకుతుంటే మర్నాటికి వాయిదా వెయ్యండి. బిరడా తియ్యని సీసాకు తొందరేమీ లేదు. ఇంటికి బంధువులొచ్చే రోజున కూడా తెరవకండి. మాటల్లో గ్లాసు బల్ల అంచుకు జరుగుతుంది, ఎవరో ఒకరు కాడను కాక గిన్నెను గుప్పిట్లో పట్టుకుంటారు, గోరువెచ్చని చేతి కింద రీస్లింగ్ నీరసిస్తుంది. వాళ్లకు మంచి కాఫీ ఇవ్వండి. అభిమానం చూపడానికి కాఫీ ఎక్కడైనా సరిపోతుంది.

బయటికి వెళ్తే గ్లాసు వెంట తీసుకెళ్లండి. దానికి లోపల దూది పరిచిన గట్టి పెట్టె చేయించుకోండి. రెండో యోసెఫ్ చక్రవర్తి 1784లో ద్రాక్షతోటల వాళ్లు తమ వైన్ తామే అమ్ముకోవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు. అప్పటి నుంచి వియన్నా కొండ వాలుల్లో హాయిరిగర్లని చిన్న పానశాలలున్నాయి. చెట్ల కింద బల్లలు, కొత్త వైన్, చల్లటి గాలి. కానీ వైన్ పిడి ఉన్న మందపాటి గ్లాసులో ఇస్తారు, పావు లీటరు నిండుగా. నేను పావు లీటరు అడిగి, నా గ్లాసు తీసి, వంద మిల్లీలీటర్ల చొప్పున మార్చుకుంటాను. రకరకాల ద్రాక్షలను ఒకే తోటలో పెంచి, కలిపి కోసి, కలిపి పులియబెట్టే గెమిష్టర్ జాట్స్ అనే వైన్‌ను ఆ పిడి గ్లాసులో తాగినప్పుడు పుల్లటి నీళ్లలా తాగాను. నా గ్లాసులో దానికి పచ్చి ఆపిల్, కోసిన గడ్డి, చివర్లో సన్నగా మిరియం. ఒకే బల్ల, ఒకే వైన్, ఒకే సాయంత్రం. పక్క బల్లవాళ్లు చూస్తారు, చూడనివ్వండి. పెళ్లిళ్లకు, స్నేహితుల ఇళ్లకు కూడా అంతే. మీ గ్లాసు లేకపోతే మంచినీళ్లు తీసుకోండి.

నెల గడిచాక సీసా కొనండి. ఏ సీసా అని ఇప్పుడు అడగొచ్చు. ఇరవై యూరోల్లో దొరికే ఫెడర్‌ష్పీల్ ఏదైనా చాలు. మొదట తిప్పకుండా వాసన చూడండి. తరవాత మెల్లగా తిప్పి చూడండి. తరవాత పది నిమిషాలు వదిలేసి మళ్లీ చూడండి. మంచి గ్లాసు దాపరికం లేనిది, తప్పుల్నీ చూపిస్తుంది. తడిసిన అట్టముక్క వాసన వస్తే బిరడా పాడైందని అర్థం, ఆ సీసా దుకాణానికి తిరిగి పట్టుకెళ్లండి. నాసిరకం గ్లాసులో ఆ తప్పు తెలియక ఎన్ని సీసాలు తాగేశామో అనిపిస్తుంది. వంద మిల్లీలీటర్లు తాగడానికి నాకు ముప్పావుగంట పడుతుంది. రెండోసారి పోసుకునేది తక్కువ.

తాగడం అయిపోయాక రాత్రి కడగకండి. అడుగున రెండు చుక్కలు మిగిలిన గ్లాసును అలాగే కిటికీ దగ్గర నిలబెట్టి పడుకోండి. పొద్దున్నే, పళ్లు తోముకోకముందే, ఎవరితోనూ మాట్లాడకముందే, వెళ్లి ముక్కు పెట్టండి. ఆల్కహాల్ పోయి ఉంటుంది. పుల్లదనం పోయి ఉంటుంది. అడుగున ఎండిన చారలో తేనె, ఎండుగడ్డి, వాన పడ్డ రాయి లాంటిదేదో మిగిలి ఉంటుంది. సీసా ఖాళీ అయ్యాక కూడా అది అక్కడే ఉంటుంది. కాసేపు అలాగే నిలబడండి. తరవాత నీళ్లు కాచి, గిన్నెను గిన్నె దగ్గరే పట్టుకుని, కడగండి.